గుమ్మడికాయల దొంగలు ఎవరు?

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. ఇందులో చరిత్ర మనది కాదు, అమెరికాది. కానీ చదువుతున్నంతసేపూ నాకు మన రేవే కనిపించింది.

మొన్న సెలవులకి ఊరెళ్లినప్పుడు సాయంత్రం పెదనాన్నతో గోదారి ఒడ్డున కూర్చున్నా. ఆయన వల సర్దుకుంటున్నాడు. పాపికొండల లాంచీ ఒకటి మా రేవు ముందు నుంచే పోతోంది. మైకులో ఒకాయన చెబుతున్నాడు, ఇక్కడి నుంచి మనిషి అడుగు పెట్టని అడవి మొదలవుతుందండీ అని. లాంచీలో వాళ్లు ఫోన్లు పైకెత్తి మా కొండల్ని వీడియో తీస్తున్నారు. పెదనాన్న తల కూడా ఎత్తలేదు. "ఆడు రోజూ అదే అంటాడ్రా. మనం మనుషుల లెక్కలోకి రామేమో" అని నవ్వి మళ్లీ వలలో పడ్డాడు. ఆ కొండ మీద మా పోడు కనిపిస్తూనే ఉంది. మంచె కూడా కనిపిస్తోంది.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఎప్పుడో సగం చదివి వదిలేసిన ఒక సంగతి గుర్తొచ్చింది. 1869లో పదిమంది మనుషులు నాలుగు పడవల్లో కొలరాడో నది దిగారు. గ్రాండ్ కాన్యన్ అని మనం ఫొటోల్లో చూస్తామే, ఆ లోయ గుండా నీళ్ల మీద చివరంటా వెళ్లినట్టు రాతలో ఉన్న మొదటి ప్రయాణం అదే. నాయకుడు జాన్ వెస్లీ పావెల్. భూగర్భశాస్త్రం చెప్పే పంతులు. అంతర్యుద్ధంలో 1862లో షైలో దగ్గర తూటా తగిలి కుడి చెయ్యి మోచేతి కింద తీసేశారు. ఒంటి చేత్తో ఆ నది దిగాడు. గుండె ధైర్యం ఉన్న మనిషే, అందులో అనుమానం లేదు. నేను రాయాలనుకున్నది ఆ ధైర్యం గురించి కాదు. ప్రయాణం ఆఖరి రోజుల గురించి, ఆ రోజుల్లో వాళ్లు తిన్న గుమ్మడికాయల గురించి.

ముందు సంగతులు గబగబా చెప్పేస్తా. 1869 మే 24న వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ అనే చోట బయల్దేరారు. అప్పటికి రెండు వారాల ముందే అమెరికాని ఈ చివర నుంచి ఆ చివరకి కలిపే రైలు దారి పూర్తయింది. పడవలు షికాగోలో చేయించి రైల్లోనే తెచ్చారు. పదిమందిలో ఎక్కువమంది వేటగాళ్లు, పాత సిపాయిలు. ఒకడు అచ్చాఫీసులో పనిచేసినవాడు. కుర్రాడు ఆండీ హాల్‌కి ఇంకా ఇరవై లోపో అటూ ఇటూనో. పావెల్ తమ్ముడు వాల్టర్ కూడా ఉన్నాడు. తిండి పది నెలలకి సరిపడా ఎక్కించుకున్నారు. జూన్ 9న ఒక పడవ రాళ్లకి కొట్టుకుని రెండు ముక్కలైంది, దాంతోపాటు తిండిలో పెద్ద భాగం పోయింది. జులై మొదట్లో ఒకడు నావల్ల కాదని దిగిపోయాడు. మిగిలినవాళ్లు తొమ్మిది మంది, మూడు పడవలు. ఆగస్టు నడిమికి గ్రాండ్ కాన్యన్ లోపల ఉన్నారు. పంది మాంసం కుళ్లిపోయి పారేశారు. పిండి తడిసి ముక్క వాసన కొడుతోంది. ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు కొన్ని, కాఫీ పొడి మాత్రం కావాల్సినంత. రెండు పక్కలా మైలు ఎత్తు గోడలు. రాళ్ల మీంచి నది పడుతూ లేస్తూ ఉరికే చోట్లని వాళ్లు రాపిడ్ అంటారు. అలాంటివి రోజుకి ఎన్నో. ముందు ఏముందో ఎవరికీ తెలీదు. ఆ భాగాన్ని పావెల్ 'మహా అజ్ఞాతం' అన్నాడు.

ఇక్కడ ఆగాలి. ఎవరికి అజ్ఞాతం?

ఆ నదికి ఉత్తరం పక్క పయూట్‌లు, దక్షిణం పక్క వాలపైలు, హవాసుపైలు. పైన నవాహోలు, హోపీలు. పావెల్‌కి ఇది తెలియనిది కాదు. ముందు చలికాలం ఆయన యూట్ ఆదివాసుల దగ్గర విడిది చేసి వాళ్ల మాటలు రాసుకున్నాడు కూడా. దారిలో పాత ఇళ్ల పునాదులు చూశాడు. ఆగస్టు నడిమిలో ఒక వాగు కలిసే చోట కూలిన గోడలూ, కుండ పెంకులూ, వాడి వాడి అరిగిపోయిన రుబ్బుడు రాయీ చూసి, ఇంత లోయలో మనుషులు ఎందుకు కాపురం ఉన్నారో అని ఆశ్చర్యపోయాడు. రుబ్బుడు రాయి అరగాలంటే ఎన్ని తరాల ఆడవాళ్ల చేతులు దాని మీద తిరగాలి! అయినా అది అజ్ఞాతమే.

ఆగస్టు 26. ఉదయం పదకొండు గంటల వేళ. కుడి ఒడ్డున, గోడ అడుగున చిన్న వాగు వచ్చి కలిసే చోట ఒక తోట కనిపించింది. బండ కింద నుంచి ఊటలు వస్తుంటే ఆ నీళ్లు పారించి ఎవరో మొక్కజొన్న వేశారు. పొత్తులు ఇంకా గింజ పట్టలేదు. పక్కనే పాదుల మీద గుమ్మడికాయలు, పచ్చివి, బాగా ఊరినవి. తోటవాళ్లు కనిపించలేదు. మన దగ్గర కూడా అంతే కదా, విత్తనం వేసి కొన్నాళ్లు పైకి పోతాం, కోతకి మళ్లీ వస్తాం. తోటలో మనిషి లేడంటే తోటకి మనిషి లేడని కాదు.

వాళ్లు పదో పన్నెండో కాయలు కోసి పడవల్లో వేసుకుని గబగబా తెడ్లు వేశారు. ఎవరూ వెంటపడి రాలేని చోటు చూసుకుని ఆగారు. ఉప్పు లేదు. ఉప్పు లేకుండానే ఒక పెద్ద గిన్నెడు గుమ్మడికాయ ఉడకబెట్టుకుని రొట్టెతో తిన్నారు. ఈ ముక్క ఎక్కడిదో రహస్యపు కాగితం కాదు, పావెల్ 1875లో అచ్చేసిన సొంత పుస్తకంలోనే ఉంది. దొంగతనమని తనే రాశాడు, ఆకలి వల్ల చేశామని సర్దిచెప్పుకున్నాడు, ఆ రుచి మరే పండుకీ లేదన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడని మనం అంటాం కదా. ఈయన భుజాలు తడుముకోలేదు. నవ్వుతూ రాసుకున్నాడు.

ఆకలితో ఉన్నవాడు కాయ కోసుకుంటే నేను తప్పు పట్టను. మా తాత బతికున్న రోజుల్లో మంచె కింద ఒక గుమ్మడికాయ ఎప్పుడూ ఉంచేవాడు, దారిన పోయేవాడి కోసం. కానీ తోట చూసిన మర్నాడు కూడా ఆ చోటుని మనిషి ఎరగని లోయ అనగలగడం మాత్రం నాకు అర్థం కాదు. ఆ తోట వేసినవాళ్లు ఏ దారిలో కిందికి దిగారు? గోడ ఎక్కడ తెగింది? నీళ్లు ఎక్కడ తగ్గుతాయి? ఆగి అడిగే పరిస్థితి వాళ్లకి లేదు, దొంగతనం చేశారు కాబట్టి. రెండు రోజుల తర్వాత ఆ దారే కావలసొచ్చింది.

ఆగస్టు 27 మధ్యాహ్నం వాళ్లకి అంతకుముందు చూడనంత భయంకరమైన రాపిడ్ ఎదురైంది. పక్కల నుంచి పడవలు మోసుకుపోయే చోటు లేదు, తాళ్లతో దింపే వీలు లేదు. ఆ రాత్రి ఓరమెల్ హౌలాండ్ పావెల్‌ని పక్కకి పిలిచాడు. నేనూ, తమ్ముడు సెనెకా, బిల్ డన్ ఇక నీళ్లలోకి రాం, కొండెక్కి ఉత్తరానికి నడిచిపోతాం, మీరూ రండి అన్నాడు. పావెల్ నక్షత్రాలు చూసి లెక్క కట్టాడు. వర్జిన్ నది కలిసే చోటు గాల్లో కొలిస్తే సుమారు 45 మైళ్లు, నది మలుపులతో కలిపితే 80, 90. అక్కడ తెల్లవాళ్ల ఊళ్లున్నాయి. రాత్రంతా ఇసుకలో అటూ ఇటూ తిరిగాడు. పడుకున్నవాళ్లని లేపి ఒక్కొక్కర్నీ అడిగాడు. మిగతావాళ్లు పడవలోనే వస్తామన్నారు.

28 పొద్దున ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. మూడు నెలలు ఒకే గిన్నెలో తిన్నవాళ్లు. ముగ్గురికీ రెండు రైఫిళ్లు, ఒక తుపాకీ ఇచ్చారు. తిండిలో వాటా తీసుకోమంటే వద్దన్నారు, కొండ మీద వేటాడుకుంటాం మీకే కావాలన్నారు. వంటవాడు హాకిన్స్ ఊరుకోలేక రొట్టెలు చేసి రాయి మీద వాళ్ల కోసం వదిలేశాడు. సమ్నర్ తన గడియారం తీసి హౌలాండ్ చేతిలో పెట్టాడు, నేను పోతే మా అక్కచెల్లెలికి అందించమని. పావెల్ భార్యకి ఉత్తరం రాసిచ్చాడు. గమనించండి, పడవలో పోయేవాళ్లు చస్తారని నడిచేవాళ్లు ఏడ్చారు, నడిచేవాళ్లు చస్తారని పడవ వాళ్లు ఏడ్చారు. ఆరుగురికి రెండు పడవలు చాలని చిన్నదాన్ని, పావెల్ భార్య పేరు పెట్టిన ఎమ్మా డీన్‌ని, ఒడ్డునే వదిలేశారు.

ముగ్గురూ బండ మీద నిలబడి చూస్తుండగా రెండు పడవలూ ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి వెళ్లాయి. నిమిషమో ఏమో పట్టింది. అంతే. నిండా నీళ్లతో కిందికి తేలాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కింద ఆగి తుపాకులు పేల్చారు, రండి వదిలేసిన పడవలో దిగి రండి అని. చాలాసేపు ఎదురుచూశారు. వాళ్లు రాలేదు.

వాళ్లు పిరికివాళ్లని చాలాచోట్ల రాశారు. నాకలా అనిపించదు. నెలల తరబడి ఆ నీళ్లలో చావు తప్పించుకుంటూ వచ్చినవాళ్లు పిరికివాళ్లు ఎలా అవుతారు? పావెల్‌కీ డన్‌కీ ముందు నుంచి పడేది కాదని, ఒక గడియారం తడిసిపోయినందుకు డబ్బు కట్టమన్నాడని హాకిన్స్ ఎన్నో ఏళ్ల తర్వాత, ముసలితనంలో చెప్పాడు. పావెల్ పుస్తకంలో ఆ గొడవ ఊసే లేదు. ఎవరు కలం పట్టుకుంటారో వాళ్ల పడవే ఒడ్డు చేరుతుంది.

29 మధ్యాహ్నానికి గోడలు అయిపోయాయి, లోయ దాటేశారు. అంటే ఆ ముగ్గురూ ఇంకొక్క రోజున్నర ఆగి ఉంటే బయటపడేవాళ్లు. 30న వర్జిన్ నది కలిసే చోట నలుగురు మనుషులు నీళ్లలో వల లాగుతూ కనిపించారు. ముగ్గురు తెల్లవాళ్లు, ఒక ఆదివాసి. ఆ తెల్లవాళ్లకి అప్పటికే కబురు అందింది, పావెల్ మనుషులంతా చచ్చారట, నదిలో పెట్టెలో కాగితాలో కొట్టుకొస్తే పట్టండి అని. శవాల సామాను కోసం చూస్తున్నవాళ్లకి బతికున్న మనుషులు దొరికారు. వాళ్లకి చేపలు పెట్టారు. 99 రోజులు, సుమారు వెయ్యి మైళ్లు. ప్రయాణం అయిపోయింది.

ఆ రాత్రే దగ్గరి ఊరు సెయింట్ థామస్‌కి కబురు పంపారు. ఎవరితో? ఆదివాసితో. మర్నాడు ఆయనే జవాబు ఉత్తరం తెచ్చాడు. ఆయన పేరు పుస్తకంలో లేదు. సాయంత్రానికి ఆ ఊరి మార్మన్ మతపెద్ద బండి కట్టుకుని తిండీ, రెండు మూడు డజన్ల కర్బూజాలూ తెచ్చి పెట్టాడు. ఆయన పేరు మాత్రం ఉంది, ఎంత మంచివాడో కూడా ఉంది. మంచివాడే, కాదనను. నాకు మాత్రం గుమ్మడికాయలు పండించినవాడూ, రాత్రంతా నడిచి ఉత్తరం మోసినవాడూ పేరు లేకుండా పోయారే అనిపించింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. కొండెక్కిన ముగ్గురూ ఇల్లు చేరలేదు. సెప్టెంబరు మొదట్లోనే సాల్ట్ లేక్ సిటీకి టెలిగ్రాం వచ్చింది, వాళ్లని షివ్‌విట్స్ ఆదివాసులు చంపేశారని. షివ్‌విట్స్ అంటే ఆ పీఠభూమి మీద బతికే పయూట్‌లలో ఒక గుంపు. పేపర్లలో వచ్చింది, అయిపోయింది. ఎవరి దగ్గరా శవాలు లేవు. ఇప్పటికీ దొరకలేదు.

మరుసటి ఏడు, 1870లో పావెల్ మళ్లీ వచ్చాడు. జేకబ్ హాంబ్లిన్ అనే మార్మన్ ప్రచారకుణ్ణి వెంటపెట్టుకుని షివ్‌విట్స్ దగ్గరకే వెళ్లాడు. రాత్రి మంట చుట్టూ కూర్చున్నారు. మాటలు అయ్యాక హాంబ్లిన్ ఒకణ్ణి పక్కకి తీసుకెళ్లి మాట్లాడి వచ్చి పావెల్‌కి చెప్పాడు: నది అవతల ఎవరో గనుల వాళ్లు తాగి ఒక ఆదివాసి ఆడమనిషిని చంపారట, ఈ ముగ్గురూ వాళ్లేననుకుని వెంటాడి బాణాలు వేశారట, నదిలో పడవ మీద వచ్చామంటే ఎవరు నమ్ముతారు, అబద్ధం అనుకున్నారట. పావెల్ నమ్మాడు. ఒక్కరిని కూడా శిక్షించమని అడగలేదు, ఆ రాత్రి వాళ్ల మధ్యే నిద్రపోయాడు. ఈ విషయంలో ఆయనకి నేను దండం పెడతా. ఆ కాలంలో అమెరికాలో ఒక తెల్లవాడు చస్తే ఊళ్లకి ఊళ్లు తగలబెట్టారు.

కానీ మొత్తం సాక్ష్యం ఒక్క దుబాసీ నోట్లోంచి వచ్చింది. పక్కకి తీసుకెళ్లి మాట్లాడిన మాట. మన దగ్గర కేసుల్లో తెలుసు కదా, సంతకం మనదే ఉంటుంది, రాసింది ఇంకొకడు. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? పావెల్‌తో వచ్చిన సమ్నర్‌కే ఆ కథ మీద నమ్మకం లేదు, తెల్లవాళ్ల పనేనని తర్వాత అన్నాడు. దీనికి ముందు కథ ఇంకోటి ఉంది. 1857 సెప్టెంబరు 11న అదే దక్షిణ యూటాలో, మౌంటెన్ మెడోస్ అనే చోట, కాలిఫోర్నియా వెళ్తున్న సుమారు 120 మందిని మార్మన్ మిలీషియా చంపేసింది. పయూట్‌లని కొందరిని వెంట తీసుకెళ్లి, ఆ తర్వాత నేరమంతా పయూట్‌ల మీదకి నెట్టారు. ఇరవై ఏళ్లకి, 1877లో, ఒకే ఒక్క తెల్లవాడికి మరణశిక్ష అమలైంది. చాలా కాలం వరకు జనం నోట్లో మాత్రం అది ఆదివాసుల ఊచకోత.

1980ల్లో ఒక పాత ఉత్తరం బయటపడింది. 1883లో ఒక మార్మన్ ఇంకో మార్మన్‌కి రాసుకున్నది. మన వార్డులో ఆ ముగ్గుర్ని చంపిన రోజు అని అందులో ఒక మాట ఉంది. పేర్లు లేవు. అది హౌలాండ్ అన్నదమ్ములూ డన్ గురించే అని కొందరు చరిత్రకారులు, కాదని కొందరు. కాబట్టి తెల్లవాళ్లే చంపారని నేను అనను, ఒక మతం వాళ్లందరినీ అనడం అసలే కాదు, కర్బూజాలు తెచ్చిందీ వాళ్లే. నేను అనేది ఇంతే: షివ్‌విట్స్ చంపారని తేల్చడానికి ఎవరికీ రుజువు అవసరం రాలేదు. ముగ్గురూ విడిపోయిన చోట తర్వాత ఒక పలక పెట్టారు. ఆదివాసులు చంపారని దాని మీద చెక్కేశారు. అటు గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు మీద పావెల్‌కి స్మారకం కట్టి జట్టు పేర్లు రాసినప్పుడు, మధ్యలో వెళ్లిపోయారని ఆ ముగ్గురి పేర్లూ వదిలేశారు. నదిలో పేరు పోయింది, కొండ మీద ప్రాణం పోయింది.

పావెల్ పెద్దవాడయ్యాడు. 1879లో ఆదివాసుల భాషలూ ఆచారాలూ రాసే ప్రభుత్వ సంస్థకి మొదటి అధిపతి. 1881 నుంచి భూగర్భ సర్వేకి కూడా. పయూట్‌ల మాటలు ఎంతో శ్రద్ధగా రాసిపెట్టాడు, ఇవాళ వాళ్ల పిల్లలకి కూడా అవి పనికొస్తాయి. అదే పావెల్ 1873లో ప్రభుత్వం తరఫున వచ్చి వీళ్లని రిజర్వేషన్లలోకి చేర్చాలని సిఫారసు చేశాడు. రెండు పనులూ ఒకే చేత్తో. మన కొండరెడ్ల దగ్గరకి హైమండార్ఫ్ వచ్చి ఉండి 1945లో పుస్తకం వేశాడు కదా, అది చదివినప్పుడు కూడా నాకు ఇలాగే ఉంటుంది, మనల్ని ప్రేమగా చూసిన కళ్లే మనల్ని అద్దాల బీరువాలో పెట్టినట్టు.

షివ్‌విట్స్‌ని 1890ల నాటికి పీఠభూమి నుంచి దించేసి సెయింట్ జార్జ్ ఊరి దగ్గర కొంచెం నేల చూపించారు. 1954లో ప్రభుత్వం వాళ్లు ఇక తెగే కాదని గుర్తింపు తీసేసింది. 1980లో మళ్లీ ఇచ్చింది. ఆ 26 ఏళ్లలో పోయిన భూమి వెనక్కి రాలేదని వేరే చెప్పక్కర్లేదు, సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లం మనకి తెలుసు.

ఆ రాపిడ్ ఇప్పుడు లేదు. 1930ల్లో హూవర్ డ్యాం కట్టాక నీళ్లు వెనక్కి తన్ని దాన్ని ముంచేశాయి. వల లాగినవాళ్లు కనిపించిన రేవు మునిగింది. కర్బూజాలు వచ్చిన సెయింట్ థామస్ ఊరు 1938లో మునిగింది, నీళ్లు బాగా తగ్గినప్పుడు పునాదులు బయటపడతాయట. పైన ఇంకో డ్యాం, దాని వెనక 1963 నుంచి నిండిన జలాశయానికి పెట్టిన పేరు పావెల్ సరస్సు. మా మండలంలో మునిగిన ఊళ్ల పేర్లు ఇక్కడ రాద్దామని మొదలుపెట్టి ఆపేశా. మీకు తెలిసినవే.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ ముగ్గురూ విడిపోయిన చోటికి ఎదురుగా దక్షిణపు ఒడ్డు ఇవాళ వాలపైల రిజర్వేషన్. 1970ల నుంచి ఆ నదిలో వాళ్లే టూరిస్టుల్ని పడవల్లో తిప్పుతున్నారు. కంపెనీ తెగదే, సరంగులూ వాళ్లే. లోయ గురించి మైకులో ఏం చెప్పాలో వాళ్లే చెబుతారు.

మా పెదనాన్నని మర్నాడు పొద్దున నాటు పడవలో కూర్చోబెట్టి, మా రేవు నుంచి పై మలుపు దాకా నదిలో ప్రతి రాయికీ, సుడికీ, ఇసుకమేటకీ పేరు చెప్పమన్నా. పదిహేడు పేర్లు చెప్పాడు, నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఒక చోటుకి గుమ్మడిపాదు రేవు అని పేరు. ఎందుకు పెదనాన్నా అంటే, "అక్కడ మా అమ్మ పాదు పెట్టేదిరా, ఇప్పుడు నీళ్ల కింద ఉంది" అన్నాడు. తెడ్డు అక్కడే కాసేపు ఆపాడు.